జింకలు నమోదు కాని ఊరు

మా ఊళ్ళో జింకలు లేవు. ఈ సంగతి నాకు అటవీ శాఖవారి ఉత్తరం వల్ల తెలిసింది.

అంతవరకు మేమంతా ఉన్నాయనే అనుకుంటూ వచ్చాం. ఇప్పలదిన్నె నల్లరేగడి నేల. చుట్టూ చదునైన చేలు, దూరంగా గడ్డి దిబ్బలు. తెల్లవారేసరికి ఆ దిబ్బల మీంచి కృష్ణజింకలు మందలుగా దిగి, మా బడి ప్రహరీ పక్కనుంచి నడుచుకుంటూ శనగ చేలల్లోకి వెళ్తాయి. మా పిల్లలు ప్రార్థనలో ఎన్నడూ పూర్తిగా కళ్ళు మూసుకోరు. దానికి కారణం భక్తిలేమి అని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఉత్తరం వచ్చింది నాకు కాదు, ఉరుకుందమ్మకు. ఆమె మూడెకరాలు కౌలుకు తీసుకుని శనగ వేసుకునే మనిషి. కిందటేడు పంటంతా జింకల పాలై కౌలు ఇవ్వలేకపోయింది. పట్నంలో ఉండే భూమి యజమాని ఒక్క ఏడాది ఓపిక పట్టాడు. ఈసారి కూడా గింజ ఇంటికి రాకపోతే చేను ఇంకొకరికి ఇచ్చేస్తానని కబురు పంపాడు. భర్త లేడు, ఆమెకు ఆ చేను తప్ప వేరే బతుకు లేదు. అందుకని జింకల బాధ తప్పించమంటూ ఆమె తరఫున శాఖకు అర్జీ రాసింది నేనే. మొన్నటి వానాకాలంలో నా భార్య పోయి మా ఇంట్లో పొయ్యి ఆరిపోయినప్పుడు, గుమ్మంలో జొన్నరొట్టెలు పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయిన మనిషి ఆమె. ఒక అర్జీ రాయడం పెద్ద పనేమీ కాదు.

ఆమెను బడి మెట్ల మీద కూర్చోబెట్టి జవాబు చదివి వినిపించాను.

"సదరు గ్రామ పరిధిలో జింకల ఉనికి రికార్డులలో నమోదు కానందున, లేని జంతువుల వలన కలిగిన నష్టం నివారించుటకు శాఖకు వీలుపడదని తెలియజేయడమైనది."

"మళ్ళొకసారి చదువు సారూ."

మళ్ళీ చదివాను.

"అంటే, లేవంటనా?"

"లేవట."

ఆమె ప్రహరీ మీంచి చేల వైపు చూసింది. నేనూ చూశాను. ఒక మగజింక మెలికల కొమ్ములు పైకెత్తి మమ్మల్ని చూసి, మళ్ళీ తల వంచి మేత సాగించింది.

"మరి అదేంది సారూ? నా పెండ్లికొచ్చిన సుట్టమా?" అంది ఉరుకుందమ్మ.

ఆ ప్రశ్నకు ఉత్తరంలో సమాధానం లేదు.

తర్వాత కొద్ది రోజులకే శాఖవారి జీపు బడి ముందు ఆగింది. దిగినవారు రేంజి అధికారి చిదంబరరావు గారు. నున్నగా గీసుకున్న గడ్డం, చంకలో దస్త్రం. ఆయన మాట్లాడితే ఎవరో పక్కనుంచి చదివి వినిపిస్తున్నట్టు ఉంటుంది.

"మాస్టారూ, మీ గ్రామం అదృష్టవంతమైన గ్రామం. 'శీతకాల ఆకర్షణ మేత క్షేత్రం' పథకానికి జిల్లా మొత్తం మీద మీ ఊరు ఎంపికైంది."

"ఏమిటండి ఆ పథకం?"

"మా పెద్దలు విదేశాల్లో శిక్షణ పొంది వచ్చారు. అక్కడ చలికాలంలో చేలు బోడిగా ఉంటాయి. జింకలు మేత లేక అలమటిస్తాయి. అప్పుడు అక్కడివారు ఋతువు చివర్లో ఒక మడి విత్తి, పచ్చటి మేతతో జింకలను ఆకర్షిస్తారు. ఆ విధానాన్ని మన ప్రాంత పరిస్థితులకు అనుగుణంగా యథాతథంగా అమలు చేస్తున్నాం."

"మన దగ్గర చలికాలంలోనే కదండీ చేలు పచ్చగా ఉండేది?"

"అది స్థానిక సమస్య" అన్నారాయన.

"పైగా ఇక్కడ జింకలు ఇప్పటికే..."

చిదంబరరావు గారు చెయ్యెత్తి నన్ను ఆపారు. చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "ఆ మాట అనకండి మాస్టారూ. జింకలు లేని ఊరు గనకనే పథకం వచ్చింది. ఉన్నాయంటే వెనక్కి పోతుంది. ఉన్నవాటిని ఆకర్షించడానికి నిధులు ఇవ్వరు."

ఆయన అలా అంటుండగా ఒక ఆడజింక, దాని వెనక పిల్ల, జీపు ముందు నుంచి దాటి వెళ్ళాయి. ఆయన మర్యాదగా అటు చూడలేదు.

శాఖకు ఊరి పక్కన కొంత బీడు ఉంది. అది సరిగ్గా ఉరుకుందమ్మ చేనికి ఆనుకునే ఉంది. అప్పటికి మార్గశిరం నడుస్తోంది. నేలలో పదును ఎప్పుడో ఆరిపోయి, అరచేయి పట్టేంత బీటలు పడ్డాయి. ఆ బీటల్లో ఓట్స్, టర్నిప్, ఇంకా మాకెవరికీ నోరు తిరగని ఒక విదేశీ గడ్డి విత్తారు. విత్తనాలు మొలవడానికి నీళ్ళ ట్యాంకర్లు వచ్చాయి. ఆడవాళ్ళు బిందెలతో ట్యాంకరు దగ్గరికి పరుగెత్తితే, డ్రైవరు "ఇవి జింకల నీళ్ళమ్మా" అని వెనక్కి పంపాడు.

నన్ను పిలిచి పథకం పత్రాన్ని తెలుగులో రాసిపెట్టమన్నారు. రాశాను. బడిలో తెలుగు పంతులు ఉంటే ఊరికి ఈ సౌకర్యం ఉంటుంది.

ఇన్ని నీళ్ళు పోస్తే ఏదైనా మొలుస్తుంది. పుష్యమాసం వచ్చేసరికి బీడు మీద పలచని పచ్చదనం కనిపించింది. ఒకరోజు పొద్దున్న నాలుగు జింకలు దారి తప్పి అటు వెళ్ళి, ఒక సాలు మొక్కలు కొరికి, రుచి నచ్చకనో ఏమో వదిలేసి శనగ చేలోకి వెళ్ళిపోయాయి.

చిదంబరరావు గారు వచ్చి ఆ సాలు పక్కన గొంతుక్కూర్చున్నారు. ఆయన ముఖంలో నెత్తురు లేదు.

"మాస్టారూ, పంట నష్టం జరిగింది."

"జింకలు వచ్చాయి కదండీ. దానికోసమే కదా విత్తింది?"

"మీకు పరిపాలన తెలియదు. ఫిబ్రవరి నెలలో రాజధాని నుంచి ప్రధానాధికారి గారు తనిఖీకి వస్తారు. ఆయన కొలిచేది జింకలను కాదు. జింకలు కదులుతాయి. మొక్క ఎత్తు కొలుస్తారు. మొక్క కదలదు. జింకలు మేస్తే మొక్క ఎత్తు తగ్గుతుంది. ఎత్తు తగ్గితే ఆకర్షణ తగ్గినట్టు రాస్తారు."

"అయితే జింకలు రాకూడదా?"

"రావాలి. తప్పకుండా రావాలి. తనిఖీ తర్వాత రావాలి."

ఆ వారంలోనే ఆకర్షణ క్షేత్రం చుట్టూ ఇనుప కంచె లేచింది. కంచె కూడా చాలదని ఒక కావలివాణ్ణి నియమించారు. ఊళ్ళో జింకలను తరమడంలో చేయి తిరిగినవాడు ఎవరని వాకబు చేస్తే అందరూ ఒకే పేరు చెప్పారు: బడేసా. వడిసెల తిప్పి రాయి వదిలాడంటే అది జింక చెవి పక్కనుంచి ఈల వేసుకుంటూ పోతుంది, జింకకు మాత్రం తగలదు. ఈ కళకు ఇంతకాలం జీతం లేదు. ఇప్పుడు ఖాకీ చొక్కా, విజిలు, 'ఆకర్షణ సహాయకుడు' అన్న హోదా వచ్చాయి.

బడేసా నిజాయితీపరుడు. మొదటిరోజు నుంచి ఒక్క జింకను కంచె దరిదాపులకు రానివ్వలేదు. అక్కడి నుంచి తరిమినవన్నీ పక్కనే ఉన్న ఉరుకుందమ్మ శనగలో దూకేవి.

"ఒరే బడేసా, నీ చేతులిరగ! నా కడుపు మీదికేనా తోల్తాండేది?" ఆమె గట్టు మీద నిలబడి కేకలు పెట్టింది.

"నేనేం జేయాలక్కా? డ్యూటీ. ఇటుపక్క నాది, అటుపక్క నీది."

"నిన్నటిదాకా నా చేన్లో కూకోని నా శనగలు బుక్కినప్పుడు ఏ పక్కరా నీది?"

"అప్పుడు నాకీ చొక్కా లేదు గదక్కా."

"ఆ చొక్కా ఇప్పి జింకకు తొడుగు. అదైనా సిగ్గుపడి పోతాది."

బడేసా విజిలు వేశాడు. అతను ఇబ్బందిగా ఉన్నప్పుడు విజిలు వేస్తాడని తర్వాత గమనించాను.

ఆ సాయంత్రం బడి వదిలాక ఆమె వచ్చింది. మామూలుగా తిట్టుకుంటూ వచ్చే మనిషి, ఆ రోజు ఏమీ అనకుండా మెట్ల మీద కూర్చుంది. కొంగులో నాలుగు శనగ కొమ్మలు ఉన్నాయి. మొదళ్ళ దాకా కొరికినవి.

"నెల రోజులు నిలబడితే గట్టెక్కేస్తా సారూ. పూత బాగుండాది, గింజ పట్టేటప్పుడు ఇది. నెల రోజులు. వాళ్ళు తోలేది వాళ్ళు తోల్తే, నేను తోలేది నేను తోల్తా. నేనొక్కదాన్ని, వాళ్ళకేమో ఇనప కంచె. చేను పోతే నేను యాడికి పోయేది?"

ఏదైనా చేస్తానని నేను అనలేదు. చేయగలనో లేదో తెలియకుండా మాట ఇవ్వడం నాకు అలవాటు లేదు. కానీ మా బడిలో సైన్సు పోస్టు ఖాళీగా ఉంది. ఎనిమిదో తరగతికి ఆ పాఠమూ నేనే చెబుతున్నాను. ఒక కుండీ మొక్కను వెలుగులో పెట్టాలి, రెండోదాన్ని చీకట్లో పెట్టాలి. రెండోది లేకపోతే మొదటిదాని గురించి ఏమీ తేల్చి చెప్పలేం. దాన్ని కంట్రోలు అంటారు. మరునాడు ఆ పాఠాన్నే చిదంబరరావు గారికి చెప్పాను.

"సార్, మీ క్షేత్రానికి జింకలు వస్తే, అవి మీ గడ్డి వల్లే వచ్చాయని ఎలా నిరూపిస్తారు?"

"వస్తే వచ్చినట్టే కదా?"

"పక్కన శనగ చేలోకి కూడా వస్తున్నాయనుకోండి. మీ గడ్డికి వచ్చాయో, శనగకు వచ్చి మీ గడ్డి తొక్కాయో ప్రధానాధికారి గారు అడగరా?"

ఆయన దస్త్రం ఒక చంక నుంచి ఇంకో చంకలోకి మార్చుకున్నారు.

"జింకలు అసలు రాని చేను ఒకటి పక్కన ఉండాలి సార్. పోల్చి చూపడానికి. శాస్త్రీయంగా దాన్ని నియంత్రణ క్షేత్రం అంటారు."

"నియంత్రణ క్షేత్రం." ఆయన ఆ మాటను నోట్లో పెట్టుకుని చప్పరించారు. "మాస్టారూ, ఇది మూల పత్రంలో లేదే!"

"మూల పత్రం రాసినవారికి తట్టి ఉండదు."

ఆయన నా చేయి పట్టుకుని ఊపారు. మూడు రోజుల్లో ఉరుకుందమ్మ చేను చుట్టూ కంచె వచ్చింది. 'నియంత్రణ క్షేత్రం. జింకలు ప్రవేశించరాదు' అని బోర్డు పెట్టారు. అక్షరాలు నేనే రాశాను. బడేసాకు ఇద్దరు సహాయకులను ఇచ్చారు. ఇప్పుడు అతను డ్యూటీ ప్రకారమే రెండు పక్కలా తరుముతున్నాడు.

"ఏందక్కా, ఇంగ ఇటుపక్క గూడా నాదే!" అని గట్టు మీంచి అరిచాడు.

"సరేలేరా, శనగలు పెడతా దా" అంది ఉరుకుందమ్మ.

ఇంతటితో ఆగితే బాగుండేది. కానీ ఊళ్ళో మిగతా రైతులకూ కళ్ళున్నాయి. వారం తిరగకముందే సర్పంచు పదిమందిని వెంటేసుకుని జీపుకు అడ్డం నిలబడ్డాడు. ఒక్క ఉరుకుందమ్మ చేనే నియంత్రణకు తగినదా, మా చేలు తగవా, మేమేం పాపం చేశామని అడిగాడు. చిదంబరరావు గారు నా వైపు చూశారు.

"పోలిక ఎంత ఎక్కువైతే ఫలితం అంత కచ్చితం సార్" అన్నాను. అది అబద్ధం కాదు.

అలా ఇప్పలదిన్నె మొత్తం నియంత్రణ క్షేత్రమైంది. కంచెకు ఇనుము చాలక ముళ్ళకంప వేశారు. పనీపాటా లేని కుర్రకారుకంతా ఖాకీ చొక్కాలు వచ్చాయి. పొద్దున లేస్తే ఊరి నాలుగు దిక్కులా విజిళ్ళు. జింకలు రెండు రోజులు గడ్డి దిబ్బల మీద నిలబడి ఈ సందడి అంతా చూశాయి. మూడోరోజు మంద మొత్తం వెనక్కి తిరిగి ఎటో వెళ్ళిపోయింది. ప్రార్థనలో పిల్లలు చక్కగా కళ్ళు మూసుకున్నారు.

శాఖవారి మొదటి ఉత్తరం ఇప్పటికి నిజమైంది.

తనిఖీ దగ్గరపడేకొద్దీ చిదంబరరావు గారికి కొత్త దిగులు పట్టుకుంది. మొక్క నడుము ఎత్తు పెరిగింది, అది బాగానే ఉంది. కానీ ఆకర్షణ క్షేత్రంలో ఒక్క జింకైనా కనిపించకపోతే బాగుండదు. పట్నంలో పార్కు నుంచి రెండు సిమెంటు జింకలను లారీలో తెప్పించి క్షేత్రం మధ్యలో నిలబెట్టించారు. వాటికి 'ప్రేరక జింకలు' అని పేరు. వాటిని చూసి అసలు జింకలకు ధైర్యం కలుగుతుందని ఆయన వివరించారు.

ఈ సంగతి బడేసాకు ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే పొగమంచులో డ్యూటీకి వచ్చి చూస్తే, కంచె లోపల రెండు జింకలు! విజిలు వేశాడు, కదల్లేదు. కేకలు వేశాడు, చెవి కూడా ఆడించలేదు. ఇంత తెగించిన జింకలను అతను జీవితంలో చూడలేదు. వడిసెల తీశాడు. అవి పరుగెత్తే జింకలైతే రాయి చెవి పక్కనుంచి పోయేదే.

"సార్, దాని కొమ్ము ఇరిగి కింద పడినా పరిగెత్తలేదు సార్. నాకు భయమేసి నేనే పరిగెత్తినా" అని చిదంబరరావు గారికి నివేదించాడు.

ఇలాంటివి సాయంత్రం ఇంటికి వెళ్ళి నా భార్యకు చెప్పడం నాకు చాలా ఏళ్ళ అలవాటు. ఆ రోజు కూడా ఎక్కడ మొదలుపెట్టాలో, బడేసా మాట ఏ చోట చెప్పాలో కూర్చుకుంటూ గుమ్మం దాకా నడిచాను. తాళం తీసేటప్పుడు గుర్తొచ్చింది.

ప్రధానాధికారి గారు తెల్లటి కారులో వచ్చారు. ఆయన కోసం ఎత్తైన మంచె కట్టారు. మా ఊళ్ళో మంచె ఎక్కేది జంతువులను తోలడానికి. చూడటానికి మంచె ఎక్కిన మొదటి మనిషి ఆయనే. ఆయన వెనక చిదంబరరావు గారు, అనువాదం కోసం నేను. కింద ఊరి జనం, వాళ్ళ ముందు ఉరుకుందమ్మ.

మొక్క ఎత్తు కొలిచారు. సంతృప్తికరం. నియంత్రణ క్షేత్రాల్లో జింకలను లెక్కించారు. సున్న. ఆకర్షణ క్షేత్రంలో లెక్కించారు. సిమెంటువి తీసేస్తే సున్న.

"రెండింటికీ తేడా లేదే?" అన్నారు ప్రధానాధికారి గారు.

"సర్, ఆకర్షణ అంతర్గతంగా జరుగుతోంది సర్" అన్నారు చిదంబరరావు గారు.

అప్పుడు దిబ్బ మీద ఒక నల్లటి మగజింక కనిపించింది. మందతో పోనిదై ఉండాలి. తన నేలలో ఇంకో మగజింక నిలబడి ఉండటం అది సహించలేకపోయింది. ఒంటికొమ్ము సిమెంటు జింకను చూస్తూ ఒక్కో అడుగూ వేస్తూ వచ్చింది. కంచెను ఒక్క గెంతులో దాటింది. చిదంబరరావు గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కింద బడేసా ఉన్నాడు. అతని డ్యూటీ అతనికి తెలుసు.

"ఏయ్... హొయ్!"

రాయి ఈల వేసుకుంటూ పోయింది. జింక గాలిలోకి లేచి, రెండు కంచెలూ, బాటా, ఉరుకుందమ్మ చేను మూలా దాటుకుంటూ నాలుగు గెంతుల్లో మాయమైంది.

బడేసా మెల్లగా విజిలు వేశాడు.

"అద్భుతం!" అన్నారు ప్రధానాధికారి గారు. "ఏమి గెంతు! జింకలు లేని గ్రామంలో జింక! నమోదు చేయండి. ఒకటి."

నమోదు చేశారు. పథకం లక్ష్యం నెరవేరినట్టు అక్కడికక్కడే ప్రకటించారు. ఇప్పుడు ఇది జింక ఉన్న ఊరు గనక ఆకర్షణకు అర్హత పోయింది. కంచెలు, విజిళ్ళు, చొక్కాలు, సిమెంటు జింకలు అన్నీ వచ్చే సోమవారం విప్పి, జింకలు లేని ఇంకో ఊరికి తరలించాలని ఉత్తర్వు అయింది.

కారు వెళ్ళిపోయాక ఉరుకుందమ్మ నా దగ్గరికి వచ్చింది. "కంచె పీకితే తెల్లారేటప్పటికి వచ్చి పడ్తాయి సారూ. కాయ ఎండింది, ఇంగ పీకాల. కూలోళ్ళు యాడ దొరుకుతారు? ఊరంతా ఎవరి చేను వాళ్ళు పీక్కుంటాండారు."

నేను బడేసా వైపు చూశాను. సోమవారం దాకా అతనికి, అతని ఇద్దరు సహాయకులకు జీతం ఉంది. తరమడానికి జింక లేదు.

శనివారం పొద్దున మంచు ఆరకముందే ఖాకీ చొక్కాలు ఉరుకుందమ్మ చేలో వరసగా వంగాయి. సెలవు పెట్టి నేనూ ఒక సాలు పట్టాను. సగం చేను అయ్యేసరికి జీపు వచ్చింది.

"ఏమిటిది మాస్టారూ? మా సిబ్బంది శనగ పీకుతున్నారేమిటి?"

నేను నడుము పట్టుకుని లేచాను. "ప్రయోగ ఫలితాల సేకరణ సార్. నియంత్రణ క్షేత్రంలో నష్టం జరగలేదని తూచి చూపాలి కదా."

చిదంబరరావు గారు బూట్లు విప్పి చేలోకి దిగి, ఒక శనగ మొక్కను చేత్తో పట్టుకుని ఫోటో తీయించుకున్నారు. వెళ్ళబోతూ "ఫలితాలు బాగా వచ్చాయి" అన్నారు. ఆ మాట ఆయన మామూలు గొంతుతో అన్నారు. పక్కన ఎవరూ చదివి వినిపిస్తున్నట్టు లేదు.

ఆదివారం సాయంత్రానికి నూర్చి కట్టిన శనగ బస్తాలు ఉరుకుందమ్మ ఇంట్లో గోడ వెంబడి నిలబడ్డాయి. యజమాని వచ్చి ఒక బస్తా మూతి విప్పి, గింజ కొరికి చూసి, "వచ్చే ఏడు కూడా నువ్వే చేసుకో" అని వెళ్ళాడు. సోమవారం కంచెలు లారీ ఎక్కాయి.

మంగళవారం బడికి వెళ్తుంటే ఆమె ఖాళీ చేని గట్టు మీద కూర్చుని కనిపించింది. దిబ్బ మీంచి మంద దిగుతోంది. ముందు ఆడవి, వాటి మధ్య పిల్లలు, వెనక నల్లటి మగవి. ఆకర్షణ క్షేత్రం దగ్గర ఆగి విదేశీ గడ్డిని వాసన చూసి, ముక్కులు చీది, ముందుకు సాగాయి. ఏరుకోవడానికి ఏమీ మిగలని రేగడి మీద ఎండ పడుతుంటే, వాటికి ఏం తోచిందో, ఒకటి గెంతింది. దాన్ని చూసి ఇంకొకటి, ఆ తర్వాత మందంతా గాల్లోకి లేచింది.

ఉరుకుందమ్మ చేతిలో రాయి లేదు. నోట్లో తిట్టూ లేదు.

"కూకో సారూ. పుట్టినకాడ నుంచి వీటిని తోల్తానే ఉండా. ఎట్లుంటాయో చూడనే లేదు."

గంట కొట్టే వేళైంది. అయినా కూర్చున్నాను.

"సక్కగుండాయి గదా?" అంది. కాసేపాగి, "ఈ పొద్దుకు చూడనీ. తిట్టేదుంటే మళ్ళా ఇత్తనం ఏసినంక తిడ్తాలే."